ఎండను వడకట్టే రాయి, చుట్టుకునే రేకు

నడిగడ్డలో ఇల్లు కట్టేవాళ్లకు కిటికీ ఒక పట్టాన తేలే విషయం కాదు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేల మీద వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం ఏటా ఉన్నదే. కిటికీ తెరిస్తే వడగాలి, దుమ్ము. మూస్తే ఉక్క, చీకటి. వెలుతురు రావాలి గానీ ఎండ రాకూడదు. గాలి రావాలి గానీ దొంగ రాకూడదు. లోపలివాళ్లకు వీధి కనపడాలి, వీధిలో వాళ్లకు లోపల కనపడకూడదు. ఒకదానికొకటి పొసగని ఈ కోరికలన్నీ ఒక్క కిటికీయే తీర్చాలి. అందుకే కొత్త ఇల్లు కట్టేవాళ్ల మాటల్లోకి ఇప్పుడు చుట్టుడు షట్టరు కూడా వస్తోంది. కిటికీకి బయటి వైపున అల్యూమినియం పట్టీల తెర, పైన ఒక పెట్టె, రెండు పక్కలా గాడులు, గోడ మీద ఒక స్విచ్చి. ఇంతే దాని రూపం.

ఆ షట్టరు ఎంచుకోబోయేవారిని ముందుగా అలంపూర్ నవబ్రహ్మ ఆలయాల దగ్గరికి తీసుకువెళ్లాలని నాకు అనిపిస్తుంది. ఆ గుళ్ల గోడల్లో రాతిని తొలిచి చేసిన జాలీ కిటికీలు ఉన్నాయి. 1300 ఏళ్ల కిందట ఇదే ఎండకు, ఇదే గాలికి చెక్కినవి. కిటికీ మీద కప్పే తెరకు ఏ గుణాలు ఉండాలో ఆ జాలీలను చూసినంత సూటిగా ఇంకెక్కడా తెలియదు. తెర ఎక్కడ నిలబడాలి, దాని సందుకు ఎంత లోతు ఉండాలి, చట్రంలో అది ఎంత కుదురుగా కూర్చోవాలి అన్న మూడు సంగతులూ ఆ శిల్పులు తేల్చి పెట్టారు. ఇవాళ్టి మంచి షట్టరు కూడా ఆ మూడింటి మీదే నిలబడుతుంది.

దేవుడి గూడుతో సమానంగా

అలంపూర్ తుంగభద్రకు ఎడమ గట్టున ఉంది. అక్కడ బాదామి చాళుక్యుల కాలంలో, 7వ శతాబ్దంలోనూ 8వ శతాబ్దం తొలినాళ్లలోనూ తొమ్మిది గుళ్లు లేచాయి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మలు వాటి పేర్లు. పేరుకు బ్రహ్మలే గానీ గర్భగుడిలో ఉన్నది శివలింగం. స్వర్గ బ్రహ్మ ఆలయాన్ని వినయాదిత్యుడి పాలనలో (681–696) లోకాదిత్య ఎల అరస కట్టించినట్టు శాసనం ఉంది. బాల బ్రహ్మలో విజయాదిత్యుడి కాలపు శాసనం 702 నాటిది. ఈ గుళ్ల చరిత్రను తెలుగు పాఠకుల దగ్గరికి తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు గడియారం రామకృష్ణ శర్మ (1919–2006). ఆయన ఆత్మకథ ‘శతపత్రము’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

స్వర్గ బ్రహ్మ లాంటి గుడిలో గర్భగృహం చుట్టూ పైకప్పు ఉన్న ప్రదక్షిణ మార్గం ఉంటుంది. ఆ మార్గానికి బయటి గోడ ఉంది కాబట్టి వెలుతురు కోసం కిటికీ తప్పనిసరి. తెరిచిన కిటికీ పెడితే గోడ బలం పోతుంది, ఎండ నేరుగా నేల మీద పడుతుంది, గబ్బిలాలూ పక్షులూ లోపలికి చేరతాయి. శిల్పి అక్కడ రాతి పలకను నిలబెట్టి దాన్ని తొలిచాడు. చూసిన కొద్దీ ఆశ్చర్యం కలిగించేది దాని తర్వాత చేసిన పని. బయటి గోడలో దిక్పాలకులకు, శివుడి రూపాలకు గూళ్లు ఉన్నాయి. ఆ గూటికి రెండు పక్కలా చిన్న స్తంభాలు, పైన చెక్కిన తోరణం. కిటికీకి కూడా సరిగ్గా అలాంటి స్తంభాలు, అలాంటి తోరణమే ఇచ్చారు. గోడ వెంట నడిస్తే ఒకచోట దేవుడు, ఇంకొకచోట కిటికీ, రెండింటికీ ఒకే మర్యాద. గాలి వెలుతురు వచ్చే చోటును ఇంటి నిర్మాణంలో చివరి పద్దుగా తీసేసే మనకు ఆ గోడ చెప్పే మాట పెద్దదే. కిటికీ అంటే గోడలో మిగిలిపోయిన ఖాళీ కాదు, గోడలో చేసిన అతి ముఖ్యమైన పని.

గుడి లోపల వెలుతురు మూడు మెట్లుగా ఉంటుంది. తూర్పు వాకిలి నుంచి మంటపంలోకి నేరుగా వెలుతురు వస్తుంది. ప్రదక్షిణ మార్గంలో జాలీల గుండా వచ్చిన చల్లని వెలుగు. గర్భగుడిలో చీకటి, అందులో దీపం. బయట కళ్లు చిట్లించి నడిచిన మనిషి మూడో మెట్టుకు చేరేసరికి అతని చూపు ఆ దీపానికి సిద్ధమై ఉంటుంది. వెలుతురును ఎక్కడ ఎంత రానివ్వాలో గదిగదికీ విడిగా ఆలోచించారన్నమాట. ఇల్లు కట్టేటప్పుడు అన్ని కిటికీలకూ ఒకే కొలత, ఒకే తెర రాసి ఇచ్చేస్తాం. ఆ అలవాటు మానుకోవలసిన అవసరం ఇక్కడే తెలుస్తుంది.

ఒక రంధ్రాన్ని దగ్గరగా చూస్తే

జాలీ ముందు నిలబడి మొత్తం అల్లికను కాకుండా ఒక్క రంధ్రాన్నే చూడండి. అది కాగితానికి పొడిచిన చిల్లు కాదు, రాయి మందమంత పొడవున్న చిన్న సొరంగం. జాలీ గుణమంతా ఆ లోతులోనే ఉంది. రంధ్రం ఎత్తూ పలక మందమూ సమానం అనుకుందాం. సూర్యుడు 45 డిగ్రీల కన్నా పైన ఉన్నంతసేపు కిరణం రంధ్రంలో దూరినా అవతలికి పోలేదు, అడుగు అంచుకు తగిలి అక్కడే ఆగుతుంది. రాయి మీద చెదిరిన వెలుగు మాత్రమే లోపలికి దిగుతుంది. మే నెలలో పడమటి గోడ మీద సూర్యుడు ఆ ఎత్తు నుంచి కిందికి దిగేది మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో. అప్పటిదాకా కాక తగ్గని ఎండనంతటినీ కదిలే భాగం ఒక్కటీ లేకుండా ఆ పలకే అడ్డుకుంటుంది. ఆ తర్వాత లోపలికి వచ్చే ఎండ కూడా చిన్న చిన్న ముక్కలుగానే వస్తుంది.

లోపలి నుంచి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. చీకటి గదిలో ఉన్నవాడికి వెలుతురులో ఉన్న బయటి ప్రపంచం కనిపిస్తుంది. ఎండలో ఉన్నవాడికి రంధ్రం వెనక చీకటి తప్ప ఏమీ తెలియదు. లోపలివాళ్లకు కనపడాలి, బయటివాళ్లకు కనపడకూడదు అన్న కోరిక అలా తీరింది. మనిషి చెయ్యి పట్టనంత సందు కాబట్టి భద్రత కూడా అందులోనే కలిసింది.

ఇక చెక్కడం. జాలీలో మిగిలేది సన్నని రాతి కడ్డీలు, వాటి కూడళ్లు. ఎంత తొలిస్తే అంత వెలుతురు, ఎంత తొలిస్తే అంత బలహీనం. చివరి రంధ్రం దగ్గర ఉలి దెబ్బ కాస్త ఎక్కువ పడితే అప్పటిదాకా పడ్డ శ్రమంతా పోతుంది. అతుకు వేసి సరిదిద్దే వీలు లేదు. రాతి పొర ఎటు ఉందో, ఏ దెబ్బకు ఎటు చిట్లుతుందో తెలిసిన చెయ్యి మాత్రమే ఆ పనికి పూనుకోగలదు. అంత సున్నితమైనది చేసి దాన్ని గోడలో కూర్చోబెట్టిన తీరు కూడా అంత శ్రద్ధగానే ఉంది. పక్క స్తంభాలు, పై దూలం బరువును మోస్తాయి, జాలీ మీద పడనివ్వవు. చట్రం గట్టిది, తెర తేలికైనది. ఎవరి పని వాళ్లది.

ఈ కూర్పు ఎంత కచ్చితమైనదో చెప్పడానికి అలంపూర్‌లోనే ఇంకో సాక్ష్యం ఉంది. శ్రీశైలం జలాశయం కింద మునగబోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లకు అంకెలు వేసి, విప్పి, అలంపూర్‌కు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లను కూడా అలాగే తరలించారు. రాయికి రాయి సరిగ్గా కూర్చున్న కట్టడం కాబట్టే విప్పడమూ సాధ్యమైంది, తిరిగి పేర్చడమూ సాధ్యమైంది.

ఈ విద్య అలంపూర్‌తో ఆగిపోలేదు. 1213లో పూర్తయిన రామప్ప గుడిలో గర్భగుడి ద్వారానికి ఇరువైపులా జాలీ పలకలు ఉన్నాయి. హైదరాబాద్ పైగా సమాధుల దగ్గర జాలీ అల్లికలు ఒకదాన్ని మించి ఒకటి ఉంటాయి. కేరళలో లారీ బేకర్ (1917–2007) అదే సూత్రాన్ని మామూలు ఇటుకలకు దించి తక్కువ ఖర్చు ఇళ్లకు జాలీ గోడలు కట్టాడు. మన ఊళ్లలో మెట్ల గది మీద, స్నానాల గది మీద కనిపించే సిమెంటు జాలీ బిళ్లలు కూడా ఆ కుటుంబంలోవే.

సూర్యుడి లెక్క

షట్టరు మాటకు వచ్చే ముందు ఏ కిటికీకి దాని అవసరం ఉందో తేల్చుకోవాలి. అలంపూర్ దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారం ప్రాంతంలో మరొకసారి మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రెండింటి మధ్య కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. అంటే ఎండలు మండే రోజుల్లో దక్షిణపు కిటికీ మీద మధ్యాహ్నపు ఎండ దాదాపు పడదు. రెండడుగుల సజ్జ దానికి చాలు. డిసెంబరులో సూర్యుడు 51 డిగ్రీల ఎత్తుకు దిగి వస్తాడు కాబట్టి అప్పుడు కిటికీ కింది భాగంలో కొంత ఎండ పడుతుంది. చలికాలంలో అది కావలసిన ఎండే.

పడమటి కిటికీ కథ వేరు. మే నెల సాయంత్రం 5 గంటలకు సూర్యుడు 22 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు రెండడుగుల సజ్జ ఇచ్చే నీడ కిటికీ పైభాగంలో అడుగు కూడా ఉండదు. మిగిలిన అద్దమంతా ఎండలోనే. తూర్పు కిటికీకి ఉదయం ఇదే పరిస్థితి గానీ అప్పటికి గాలి ఇంకా వేడెక్కదు. పడమట అలా కాదు. గోడలు, గాలి, నేల అన్నీ కాగి ఉన్న వేళకు ఈ ఎండ వచ్చి కలుస్తుంది, రాత్రి పడకగదిలో నిద్ర లేకుండా చేస్తుంది. కాబట్టి షట్టరుకు డబ్బు కొద్దిగానే ఉంటే మొదట పడమటి కిటికీలకు పెట్టండి, ఆ తర్వాత తూర్పు పడకగదులకు. ఉత్తరం వైపు దోమతెర, దక్షిణం వైపు సజ్జ సరిపోతాయి.

తెర బయటే ఉండాలన్నది రాతి జాలీ నేర్పే మొదటి పాఠం. అద్దం లోపల వేసిన పరదా ఎండను ఆపినట్టే కనిపిస్తుంది. కానీ ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది. పరదా వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. అదే తెర అద్దానికి బయట ఉంటే వేడి బయటి గాలిలోనే కలిసిపోతుంది. పాత ఇళ్లలో వాకిలికి బయట కట్టిన వట్టివేళ్ల తడికలు, వసారాకు వేలాడదీసిన వెదురు తెరలు ఈ ఎరుకతో పుట్టినవే.

పట్టీలోని పనితనం

చుట్టుడు షట్టరు మనకు కొత్తదేమీ కాదు. అలంపూర్ చౌరస్తాలో పొద్దున్నే దుకాణాలు తెరుచుకునే చప్పుడు దానిదే. దుకాణానికి వేసేది ఒంటి పొర ఇనుప రేకు. బరువును స్ప్రింగు మోస్తుంది. బలానికి అది బాగానే ఉంటుంది గానీ ఎండకు కాగుతుంది, గాలికి గలగలలాడుతుంది. ఇంటి కిటికీకి కావలసింది వేరే రకం. ఇటలీ, స్పెయిన్ లాంటి ఎండ దేశాల్లో అది ఇంటింటా ఉండే వస్తువు. జర్మనీలో చలి రాత్రుల్లో గది వెచ్చదనం పోకుండా కూడా దాన్ని వాడుకుంటారు.

ఆ షట్టరు పట్టీని ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చివర వైపు నుంచి చూడండి. పలుచని అల్యూమినియం రేకును రెండు పొరలుగా వంచి, మధ్యలో పాలీయురేథేన్ నురుగు నింపారు. పట్టీ ఎత్తు మామూలుగా 4 సెంటీమీటర్ల అటూ ఇటూ ఉంటుంది. నురుగు వల్ల పట్టీకి బిగువు వస్తుంది, చప్పుడు తగ్గుతుంది, వేడి లోపలికి దాటడం మందగిస్తుంది. పట్టీ కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది, ఇరుసు చుట్టూ చాప చుట్టినట్టు దగ్గరగా ఒదగడానికి. పై అంచున ఒక కొక్కెం, కింది అంచున దానికి తగిన గాడి. ఒక పట్టీ కొక్కెం పై పట్టీ గాడిలోకి పక్క నుంచి జారుతుంది. అది మళ్లీ పక్కకు జారిపోకుండా చివర చిన్న బిళ్ల.

ఇప్పుడు ఆ కొక్కెం దగ్గర ఉన్న సన్నని పొడుగు చిల్లుల వరుసను చూడండి. నాకు ఈ వస్తువు మీద గౌరవం కలిగింది అక్కడే. షట్టరును కిందికి దించుతూ చివరంటా దించకుండా ఆపితే పట్టీలు ఒకదానికొకటి వేలాడుతూ ఉంటాయి. కొక్కేలు సాగి ఆ చిల్లులు బయటపడతాయి. సన్నని చుక్కల వెలుతురు, గాలి లోపలికి వస్తాయి. ఇంకొంచెం దించితే కింది పట్టీ గడప మీద ఆనుతుంది, పై పట్టీలు దాని మీద ఒక్కొక్కటిగా కూర్చుంటాయి, చిల్లులు కింది వరుస నుంచి పైకి మూసుకుపోతాయి. జాలీ కావాలంటే జాలీ, గోడ కావాలంటే గోడ. అదనపు పరికరం లేదు, పట్టీ బరువే ఆ పని చేస్తుంది. అలంపూర్ శిల్పి రాతిలో ఒకే స్థితికి కట్టిపెట్టిన గుణాన్ని ఈ పట్టీ వేళకు తగ్గట్టు మార్చుకోనిస్తుంది. దీన్ని కనిపెట్టిన బుద్ధికి చేతులు జోడించాలి.

మిగతా భాగాల్లోనూ పనితనం తెలుస్తుంది. పక్క గాడుల లోపల కుచ్చు పట్టీ గానీ రబ్బరు గానీ ఉండాలి. లేకపోతే వడగాలికి రాత్రంతా చప్పుడే. అట్టడుగు పట్టీ బరువుగా, కింద రబ్బరు అంచుతో ఉండాలి. పైన ఎనిమిది పలకల గొట్టం ఇరుసుగా ఉంటుంది, దానికి తెరను పట్టి ఉంచే బిగింపులు ఉంటాయి. మంచి రకంలో ఆ బిగింపులే తాళం పని కూడా చేస్తాయి. తెర పూర్తిగా దిగాక బయటి నుంచి ఎత్తబోతే అవి నిటారుగా నిలబడి అడ్డం పడతాయి.

ఎంచుకునేటప్పుడు

షట్టరు నిర్ణయం లింటెల్ పోయకముందే జరగాలి. తెర చుట్టుకునే పెట్టెకు చోటు కావాలి. కిటికీ ఎంత ఎత్తయితే చుట్ట అంత లావు, పెట్టె అంత పెద్దది. ముందే అనుకుంటే మేస్త్రీ సజ్జ కింద దానికి చోటు వదులుతాడు, పెట్టె నీడలో, వానకు తడవకుండా ఉంటుంది. గోడలు లేచాక అనుకుంటే పెట్టెను కిటికీ సందులోనే బిగించాలి, పైనుంచి వచ్చే వెలుతురు అంత మేర పోతుంది. మోటారు పెట్టదలచుకుంటే దాని తీగ గొట్టం కూడా పూతకు ముందే గోడలో వెళ్లాలి.

ఇక్కడి ఇళ్లలో కిటికీ రెక్కలు బయటికి తెరుచుకుంటాయి, ఊచలు లోపల ఉంటాయి. బయట షట్టరు వస్తే ఆ రెక్కలు తెరుచుకునే వీలుండదు. కాబట్టి పక్కకు జరిగే కిటికీ గానీ లోపలికి తెరుచుకునే రెక్కలు గానీ చేయించాలి. వడ్రంగితో ఈ మాట ముందే చెప్పకపోతే చట్రాలన్నీ రెండోసారి చేయించవలసి వస్తుంది.

మోటారుదా, చేత్తో లాగే పట్టాదా అన్నది కిటికీ కొలతను బట్టి చూసుకోవాలి. చిన్న కిటికీకి పట్టా హాయిగా సరిపోతుంది. వెడల్పు తెరకు, పెద్దవాళ్లు ఉండే గదికి మోటారు సుఖం. మోటారు పెడితే కరెంటు లేనప్పుడు చేత్తో తిప్పే కడ్డీ తప్పకుండా అడగండి. ఇది సౌకర్యం మాట మాత్రమే కాదు. లోపల పొగో మంటో వస్తే మూసిన షట్టరు బయటికి దారి లేకుండా చేస్తుంది. ప్రతి పడకగదిలో కనీసం ఒక తెర లోపలి నుంచి, కరెంటుతో పని లేకుండా, పిల్లవాడు కూడా ఎత్తగలిగేలా ఉండాలి. ఆ కిటికీకి ఊచలు ఉంటే అవీ తెరుచుకునే రకం కావాలి.

రంగు విషయంలో లేత రంగే మేలు. నల్లని, ముదురు గోధుమరంగు పట్టీలు చూడడానికి హుందాగా ఉన్నా పడమటి ఎండకు బాగా కాగుతాయి. ప్లాస్టిక్ పట్టీలు చవక గానీ వెడల్పు కిటికీలో, మన ఎండలో వంగిపోతాయి. దొంగల భయం ఉన్న కింది అంతస్తుకు మందపాటి ఎక్స్‌ట్రూడెడ్ అల్యూమినియం పట్టీలు, మిగతావాటికి నురుగు నింపినవి సరిపోతాయి. ఇక నడిగడ్డ దుమ్ముకు గాడుల్లో గ్రీజు పూయించకండి. దుమ్ము దానికి అంటుకుని గట్టిపడుతుంది. నెలకోసారి పొడి కుంచెతో తుడవడం, అవసరమైతే కాస్త సిలికాన్ చల్లడం చాలు.

షట్టరు చేయలేని పనులు కూడా ఉన్నాయి. అది దోమను ఆపదు, చిల్లులు తెరిచి ఉంచినా కిటికీ తెరిచినంత గాలిని ఇవ్వదు. పగలంతా మూసి, చల్లబడ్డాక పైకెత్తి గాలిని ఆహ్వానించే ఇంటికే అది పూర్తిగా పనికి వస్తుంది. మెట్ల గది, స్నానాల గది, వంటింటి పైభాగం లాంటి చోట్లకు షట్టరు దండగ. అక్కడ ఎప్పుడూ గాలి ఆడాలి, ఎవరూ వచ్చి తెరిచి మూసే పని ఉండకూడదు. అలాంటి చోట్లకు రాతి జాలీయో సిమెంటు జాలీయో పెట్టడమే సరైన పని. దాని రంధ్రం ఎత్తు కన్నా లోతు తక్కువ కాకుండా చూసుకుంటే ఎండ లెక్క దానంతట అదే కుదురుతుంది.

చివరగా, బిగించే రోజున మీరు దగ్గర ఉండండి. రెండు గాడులూ తూకం గుండుకు సరిగ్గా నిలువుగా ఉన్నాయో లేదో చూడండి. కిటికీ వెడల్పును పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలిచి రాసుకున్న పనివాడు దొరికితే అతన్ని వదులుకోకండి. తెరను సగంలో ఆపించి చిల్లులన్నీ ఒకే వరుసలో తెరుచుకున్నాయా, కిందికి దించాక ఒక్కటి కూడా మిగలకుండా మూసుకున్నాయా గమనించండి. ఒక మూల ముందు ఆని ఇంకో మూల తేలితే గడప మట్టం తప్పినట్టు. అది అప్పుడే సరిచేయించాలి. ఇలా చూసేవారి ముందు ఏ పనివాడూ విసుక్కోడు, తన నైపుణ్యాన్ని గుర్తించేవారు దొరికారని ఇంకాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తాడు. చాళుక్యుల కాలంలో కిటికీకి దేవుడి గూడంత మర్యాద దక్కింది కట్టించినవారూ చెక్కినవారూ ఆ పని విలువ ఎరిగినవారు కావడం వల్లే. మన ఇంటి కిటికీకి కూడా అంతే. ఇంటివారు పని తెలిసి అడిగితే, పనివాడు పని తెలిసి చేస్తాడు.